హార్మోనియం, ఫోన్, మృదంగం: మూడింటినీ ఒకే శ్రుతిలో కూర్చోబెట్టడం ఎలా

పోయిన కార్తీకంలో హన్మకొండలో మా కాలనీ గుడిలో సోమవారం భజన. హార్మోనియం దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన, పాడటానికి మా వీధిలోని ఒక బ్యాంకు ఉద్యోగి, మృదంగం నేను. తంబూర మోసుకొచ్చే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి నా ఫోన్‌లో తంబూర యాప్ పెట్టి స్పీకర్‌కు కలిపాం. శ్రుతి ఒకటిన్నర. పెద్దాయన భాషలో కాలీ ఏక్, యాప్‌లో సి షార్ప్. మూడూ ఒకటే మాట. అయినా మొదలుపెట్టగానే ‘వావ్ వావ్ వావ్’ అని లోపల ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. పాడే ఆయన ఒకసారి పెట్టె వైపు, ఒకసారి ఫోన్ వైపు జరుగుతూ చివరికి రెండింటికీ కాకుండా పోయాడు. వెనక కూర్చున్నవాళ్లు ఆయన గొంతునే అనుమానించారు.

“సారూ, నీ ఫోన్ ఒకటి చెప్తున్నది, నా పెట్టె ఒకటి చెప్తున్నది. దేన్ని నమ్మాలె?” అన్నాడు పెద్దాయన.

యాప్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. యాప్ తన స్వరాలన్నిటినీ కొలుచుకునే ఆధార స్వరం 440 హెర్ట్జ్ ఉండాల్సిన చోట 432 ఉంది. మా అన్న కొడుకు ఏదో వీడియో చూసి మార్చాడట. దాన్ని 440కి తెచ్చాక కొట్టుకోవడం చాలావరకు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. సెకనుకు మూడున్నర ‘వావ్’ అలలు వచ్చేది కాస్తా సెకనుకు ఒకటి అయింది. ఆ మిగిలిన ఒక్క అల హార్మోనియంది. పాత పెట్టె, 12 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి ఉంది.

నేను పగలు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, సాయంత్రం మృదంగం వాయిస్తాను. ఆ రోజు చేసిన తప్పు రెండువైపులా నాదే. శ్రుతి కలిపేటప్పుడు ముందు చూడాల్సింది ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది. హార్మోనియం రీడ్‌ను, అంటే లోపల మోగే ఇత్తడి రేకును, కచేరీ మధ్యలో ఎవరూ మార్చలేరు. ఫోన్ ఒక్క వేలితో మారుతుంది. తంబూర బిరడ తిప్పితే మారుతుంది. మృదంగం రాయితో కొడితే మారుతుంది. గొంతు అయితే అడక్కుండానే మారిపోతుంది. కదలనిదాన్ని ముందు కొలిచి, కదిలేవాటిని దానికి కలపాలి. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

1. ముందు మీ షడ్జం (స) ఎంతో తెలుసుకోండి

మన దగ్గర ఒకే శ్రుతికి మూడు పేర్లు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు అంటారు. భజన పెట్టె, తబలా వాళ్లు సఫేద్, కాలీ అని తెల్ల మెట్లను, నల్ల మెట్లను విడివిడిగా లెక్కపెడతారు. కీబోర్డు, ఆర్కెస్ట్రా వాళ్లకు సి, సి షార్ప్, డి. వరంగల్‌లో ఒకే వేదిక మీద ఈ ముగ్గురూ కలుస్తారు. గొడవ అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ‘నాలుగు’ అంటే ఒకరికి ఎఫ్, ఇంకొకరికి కాలీ చార్, అంటే జి షార్ప్. ఈ పట్టీ రాసి పెట్టుకోండి:

ఒకటి – సఫేద్ ఏక్ – సి – 261.63 హెర్ట్జ్
ఒకటిన్నర – కాలీ ఏక్ – సి షార్ప్ – 277.18
రెండు – సఫేద్ దో – డి – 293.66
రెండున్నర – కాలీ దో – డి షార్ప్ – 311.13
మూడు – సఫేద్ తీన్ – ఇ – 329.63
నాలుగు – సఫేద్ చార్ – ఎఫ్ – 349.23
నాలుగున్నర – కాలీ తీన్ – ఎఫ్ షార్ప్ – 369.99
ఐదు – సఫేద్ పాంచ్ – జి – 392.00
ఐదున్నర – కాలీ చార్ – జి షార్ప్ – 415.30
ఆరు – సఫేద్ ఛే – ఎ – 440.00
ఆరున్నర – కాలీ పాంచ్ – ఎ షార్ప్ – 466.16

మూడున్నర లేదని గమనించారా? ఇ కి, ఎఫ్ కి మధ్య నల్ల మెట్టు లేదు, అందుకని.

పైన ఇచ్చినవి హార్మోనియం మధ్య స్థాయి అంకెలు. మనిషి గొంతులో షడ్జం మామూలుగా దీనికి ఒక స్థాయి కింద ఉంటుంది, అంటే అంకెలో సగం. ఒకటి శ్రుతిలో పాడే మగగొంతు షడ్జం దాదాపు 131 హెర్ట్జ్. ఐదున్నరలో పాడే ఆడగొంతు షడ్జం దాదాపు 208. ట్యూనర్‌లో ‘సి3’ అనో ‘జి షార్ప్3’ అనో కనిపిస్తే కంగారుపడకండి, ఆ 3 స్థాయి సంఖ్య మాత్రమే.

మీ శ్రుతి తెలియకపోతే సాయంత్రం పూట చూసుకోండి. పొద్దున లేవగానే గొంతు కిందికి ఉంటుంది, ఆ లెక్క నమ్మితే సాయంత్రం తారస్థాయిలో ఆయాసపడతారు. హార్మోనియం మీద ఒక మెట్టు పట్టుకొని దాన్ని ‘స’ అనుకోండి. కింద మంద్ర పంచమం (కింది స్థాయి ప) గాలి మాత్రమే కాకుండా నాదంగా వినపడాలి, పైన తార గాంధారం (పై స్థాయి గ) మెడ నరాలు ఉబ్బకుండా అందాలి. రెండూ కుదిరే మెట్టే మీది. మగవాళ్లలో చాలామందికి ఒకటికి, రెండుకు మధ్య కుదురుతుంది. ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు లోపు. ఎవరో పెద్ద విద్వాంసుడు ఫలానా శ్రుతిలో పాడతాడని అదే పట్టుకొని గొంతు చెడగొట్టుకున్నవాళ్లను చూశాను. గొంతు ఎవరిది వాళ్లదే.

2. ఫోన్‌ను నమ్మేముందు ఫోన్‌ను పరీక్షించండి

ట్యూనర్ యాప్ గానీ తంబూర యాప్ గానీ తెరవగానే మూడు చోట్ల చూడాలి. మొదటిది ఆధార స్వరం, ‘ఎ4’ అని గానీ ‘కాలిబ్రేషన్’ అని గానీ ఉంటుంది. అది 440 ఉండాలి. రెండోది ట్రాన్స్‌పోజ్, అంటే శ్రుతిని మెట్లకొద్దీ జరిపేది, సున్నా ఉండాలి. మూడోది టెంపరమెంట్, అంటే స్వరాల మధ్య దూరాలు పంచే పద్ధతి, ‘ఈక్వల్’ (అన్ని మెట్లూ సమానం) అని ఉందా, ఇంకేమైనా ఉందా. యాప్‌ను ఇంట్లో పిల్లలు ముట్టుకుంటే ఈ మూడూ ప్రతిసారీ చూడాల్సిందే.

ఈ 440 దేవుడిచ్చిన అంకె కాదు. ఐరోపాలో ఊరికో శ్రుతి ఉండేది. 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో 440 అని ఒప్పుకున్నారు. తరువాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్నే ప్రమాణంగా తీసుకుంది, 1975లో ఐఎస్ఓ 16గా ఖాయం చేసింది. కొలమానం అందరికీ ఒకటే ఉండాలన్నంత వరకే దాని విలువ. 432లో వింటే మనసు ప్రశాంతమవుతుందని, ప్రకృతి శ్రుతి అదేనని ఇంటర్నెట్‌లో పెద్ద ప్రచారం నడుస్తోంది. మన సంగీతంలో షడ్జం ఎవరి గొంతును బట్టి వాళ్లు పెట్టుకునేది. ఒకరు 131లో, ఒకరు 139లో, ఒకరు 208లో పెట్టుకుంటున్నప్పుడు 432కు ప్రత్యేక మహిమ ఎక్కడిది? అదంతా వదిలేయండి. అయితే 432కీ 440కీ తేడా దాదాపు 32 సెంట్లు, అంటే హార్మోనియం మెట్టులో మూడో వంతు. భజన చెడగొట్టడానికి అది చాలు.

యాప్ సరిగ్గా చెప్తోందా అని చూడటానికి రెండో ఫోన్‌లో వేరే యాప్‌తో 440 మోగించి కొలవండి. రెండూ సెంటు అటూఇటూ ఒకటే చెప్తే చాలు. ట్యూనింగ్ ఫోర్క్‌తో చూస్తానంటే మంచిదే, కానీ ఫిజిక్స్ ల్యాబ్ ఫోర్క్ తెచ్చుకొని మాత్రం మోసపోకండి. ల్యాబ్‌లో ‘సి’ అని ఉన్న ఫోర్క్ మీద 256 అని చెక్కి ఉంటుంది. హార్మోనియం సి 261.63. ఆ ఫోర్క్ మోగిస్తే ట్యూనర్ ముల్లు 38 సెంట్లు కింద చూపిస్తుంది. ఫోర్క్ తప్పు కాదు, ఫోన్ తప్పు కాదు. ల్యాబ్ ఫోర్కులు వేరే లెక్కలో చేసినవి. ఆ లెక్కలో ఒక అందం ఉంది, దాని సంగతి తంబూర దగ్గర చెప్తాను.

3. ముల్లు చూపించే సెంటు అంటే ఏమిటి

హార్మోనియంలో ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు, నల్లదీ తెల్లదీ అని చూడకుండా, 100 సెంట్లు. స నుంచి పై స కు 1200. మరి నేరుగా హెర్ట్జ్‌లో ఎందుకు చెప్పరు? చెవి తేడాలను లెక్కపెట్టదు, నిష్పత్తులను లెక్కపెడుతుంది, అందుకు. 131 హెర్ట్జ్ దగ్గర ఒక హెర్ట్జ్ తప్పు 13 సెంట్లు. 440 దగ్గర అదే ఒక హెర్ట్జ్ 4 సెంట్లే. అందుకే మగగొంతు షడ్జం దగ్గర ముల్లు పిచ్చిగా ఊగుతుంది, పై స్థాయిలో నెమ్మదిగా ఉంటుంది. సాధన ఉన్న చెవి నాలుగైదు సెంట్ల తేడాను పట్టుకుంటుంది. రెండు నాదాలు ఒకేసారి మోగితే అంతకన్నా సన్నగా కూడా పట్టుకోవచ్చు, అల వినపడుతుంది కాబట్టి.

ఫోన్ ఎలా కనుక్కుంటుందో సులభంగా చెప్పాలంటే: మైకులో పడిన అలను ఫోన్ కాపీ చేసుకొని, ఆ కాపీని కొంచెం కొంచెంగా పక్కకు జరుపుతూ అసలు దాని మీద పెట్టి చూస్తుంది. ఎంత జరిపితే రెండూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయో అది ఒక అల పొడవు. దాన్నిబట్టి సెకనుకు ఎన్ని అలలో లెక్క తేలుతుంది. ఈ పనికి కొన్ని అలలైనా పూర్తిగా వినపడాలి. అందుకే స్వరాన్ని ఊపే గమకం మీద, వేగంగా దొర్లించే బిర్కా మీద ట్యూనర్ పెట్టి ‘నా గాంధారం తప్పుతోందా’ అని చూడటం దండగ. నిలబెట్టిన స్వరానికే ముల్లు పనికొస్తుంది.

కొలిచేటప్పుడు నేను చేసేది ఇది. ఫ్యాన్ ఆపుతాను. ఫోన్‌ను వాద్యానికి జానెడు దూరంలో పెడతాను. తీగను మెల్లగా మీటి, అర సెకను ఆగి అప్పుడు ముల్లు చూస్తాను. గట్టిగా మీటితే తీగ ఎక్కువగా సాగి, మొదటి క్షణంలో స్వరం పైకి పోయి తర్వాత దిగుతుంది. ఆ మొదటి అంకె చూసి బిరడ తిప్పితే తీగ ఎప్పటికీ కిందే ఉండిపోతుంది. మంద్ర తీగకు యాప్ ఒక్కోసారి ఒక స్థాయి పైన చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ అసలు స్వరం కన్నా దాని రెట్టింపు గట్టిగా మోగుతుంది. స్వరం పేరు సరిపోతే స్థాయి అంకెను పట్టించుకోకండి.

ట్యూనర్‌కు కనపడనిది ఇంకొకటి ఉంది. ఒకే షడ్జం ఇద్దరు పాడితే ముల్లు ఒకే చోట నిలుస్తుంది, కానీ ఎవరు పాడుతున్నారో కళ్లు మూసుకున్నా చెప్తాం. ప్రతి స్వరంలో దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల అలలు కలిసి ఉంటాయి. వాటినే హార్మోనిక్స్ అంటారు. వాటి పాళ్లను నోటి ఆకారం మారుస్తుంది. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు మనది, ఈ పాళ్ల మీద ఒక మనిషి ఎంత పట్టు సాధించగలడో మన ముందు తరం కళ్లారా చూసింది, చెవులారా విన్నది.

4. పెట్టెను కొలిచి చీటీ అతికించండి

హార్మోనియం ఉన్న చోట మొదటి పని ఇదే, పావుగంట పడుతుంది. బెలోస్ (గాలి తిత్తి) సమానంగా, మరీ గట్టిగా కాకుండా తొయ్యండి. గాలి ఒత్తిడి మారితే రీడ్ స్వరం రెండు మూడు సెంట్లు అటూఇటూ అవుతుంది. రెండు వరుసల రీడ్లు ఉన్న పెట్టె అయితే స్టాపర్లతో ఒక వరుస మూసి, ఒక్కోదాన్ని విడిగా కొలవండి. మీరు ఎక్కువగా వాడే షడ్జం, దాని పంచమం, పై షడ్జం. మూడు అంకెలు రాయండి. ఓపికుంటే పన్నెండు మెట్లూ.

మా పెద్దాయన పెట్టెలో స +12, ప +10, పై స +13 వచ్చాయి. ఇది మంచి పెట్టె. అన్నీ కలిసి పైకి ఉన్నాయి కాబట్టి తనలో తాను కలిసే ఉంది. స +12 ఉండి ప –6 ఉందనుకోండి, అప్పుడు రిపేరుకు పంపాలి. రీడ్ మీద దుమ్ము, తుప్పు చేరితే బరువెక్కి స్వరం దిగుతుంది. మెత్తటి బ్రష్‌తో దులపడం వరకు ఇంట్లో చేయొచ్చు. గీకి సరిచేయడం మాత్రం చెయ్యి తిరిగినవాళ్ల పని: కొన దగ్గర గీకితే బరువు తగ్గి స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే గట్టితనం తగ్గి కిందికి వస్తుంది. ఒకసారి గీకిన ఇత్తడి మళ్లీ రాదు.

ఇప్పుడు ఫోన్‌ను పెట్టెకు కలపాలి. 440 దగ్గర ప్రతి హెర్ట్జ్‌కు దాదాపు 4 సెంట్లు. 12 సెంట్లు పైకి కావాలంటే 12ను 4తో భాగిస్తే 3. యాప్‌లో 440 బదులు 443 పెట్టండి. అంతే లెక్క. ఆ రోజు గుడిలో 443 పెట్టగానే సెకనుకొక అల కూడా పోయింది. పెద్దాయన బెలోస్ ఆపి, “గిప్పుడు కుదిరింది” అన్నాడు.

పాత నాబ్ ఉన్న శ్రుతి బాక్స్ అయితే అంకె ఉండదు. పెట్టె షడ్జం మోగిస్తూ నాబ్‌ను అల పోయేదాకా మెల్లగా తిప్పాలి. అలాంటి బాక్సులు వేడెక్కితే జరుగుతాయి, గంటకోసారి మళ్లీ చూసుకోవాలి.

5. తంబూర: ముల్లు పక్కన పెట్టి అల వినండి

నాలుగు తీగలు: ప, స, స, మంద్ర స. మధ్యలో ఉన్న రెండు షడ్జాల్లో ఒకదాన్ని పెట్టెకో, ట్యూనర్‌కో కలపండి. ట్యూనర్ పని అక్కడితో అయిపోయింది. రెండో షడ్జాన్ని మొదటిదానితో కలిపి మీటండి. ఒకటి 138, ఇంకొకటి 140 ఉంటే నాదం సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఇంటర్ పుస్తకంలో విస్పందనాలు అని చదివింది ఇదే, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసి మర్చిపోయినది. బిరడను ఏ వైపు తిప్పాలో తెలియకపోతే ఏదో ఒక వైపు తిప్పండి. అల వేగం పెరిగితే తప్పు దారి, నెమ్మదిస్తే సరైన దారి. రెండు సెకన్లకు ఒక అల దాకా వచ్చాక బిరడ వదిలేసి, గుర్రం (తీగలు ఆనే మెట్టు) అవతల తీగకున్న పూసను వెంట్రుకవాసి జరపండి. అల సాగి సాగి ఆగిపోతుంది.

తర్వాత మంద్ర షడ్జం, చివరికి పంచమం. పంచమాన్ని మాత్రం ట్యూనర్ చెప్పిన చోట ఆపకండి. ఈక్వల్ టెంపరమెంట్‌లో పంచమం 700 సెంట్లు. చెవికి నిండుగా కుదిరే 3/2 పంచమం 702. తేడా రెండు సెంట్లే, కానీ తంబూరలో ఆ రెండు కూడా నెమ్మదిగా ఊగడంగా వినపడతాయి.

ఇక జీవా, అంటే తంబూర తీగకు ఆ గుంయ్ మనే నాదం తెప్పించడం. గుర్రం మీద తీగ కింద నూలు పోగు పెట్టి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటే ఒక చోట తీగ ఒక్కసారిగా గుంయ్ మని విచ్చుకుంటుంది. గుర్రం పైభాగం వంపుగా ఉంటుంది, తీగ ఊగుతున్నంతసేపూ ఆ వంపును తాకుతూ వదులుతూ ఉంటుంది. దాంతో పై హార్మోనిక్స్ అన్నీ మేల్కొంటాయి. తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు కదలకుండా ఉండాల్సిన హార్మోనిక్స్ మోగకూడదని పాత సూత్రం. తంబూర, వీణ ఆ సూత్రాన్ని పాటించడం లేదని 1920ల మొదట్లో సి.వి. రామన్ చూపించారు. నోబెల్ రాకముందు ఆయన చాలాకాలం వాద్యాల మీదే పనిచేశారు.

జీవా కుదిరాక మంద్ర షడ్జం ఒక్కటే మీటి చెవి దగ్గరగా పెట్టండి. పైన ఎక్కడో సన్నగా అంతర గాంధారం పాడుతున్నట్టు వినపడుతుంది. ఎవరూ ఆ తీగ కట్టలేదు. అది మంద్ర షడ్జానికి ఐదో హార్మోనిక్. ఒకటిన్నర శ్రుతిలో మంద్ర షడ్జం 69.3 హెర్ట్జ్, దానికి ఐదింతలు 346.5. ఇప్పుడు హార్మోనియంలో ఒకటిన్నరకు అంతర గాంధారం నొక్కండి: 349.2. రెండూ కలిసి మోగితే సెకనుకు దాదాపు మూడు అలలు. పెట్టె, తంబూర షడ్జం దగ్గర చక్కగా కలిసి గాంధారం దగ్గర కొట్లాడుకోవడానికి కారణం ఈ 14 సెంట్లు. ధైవతం దగ్గర తేడా 16 దాకా పోతుంది.

ల్యాబ్ ఫోర్కుల పెట్టె ఇక్కడ గుర్తుచేసుకోండి. 256, 288, 320, 341.3, 384, 426.6, 480, 512. వీటిని 256తో భాగించి చూడండి: 9/8, 5/4, 4/3, 3/2, 5/3, 15/8, 2. అంటే స, చతుశ్రుతి రి, అంతర గ, శుద్ధ మ, ప, చతుశ్రుతి ధ, కాకలి ని, పై స. అచ్చంగా ధీరశంకరాభరణ రాగం, అదీ తంబూరకు కుదిరే లెక్కలో. ఇంటర్ కాలేజీ ల్యాబుల్లో సోనోమీటర్ పక్కన ఎర్ర బట్ట వేసిన చెక్క పెట్టెలో ఒక మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం) నిద్రపోతోందని నాకు ఉద్యోగంలో చేరిన ఏడెనిమిదేళ్లకు గానీ తట్టలేదు. మీ పిల్లలు ఏదైనా కాలేజీలో చదువుతుంటే ఒకసారి ఆ ఫోర్కులను వరుసగా మోగించి వినమనండి.

మరి పెట్టెను ఏం చేయాలి? 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. అది మన స్వరాలకు సరిపోదన్నది ఒక వాదన. ఆ నిషేధం 1971 దాకా సాగింది. నా మటుకు నాకు అంత కోపం లేదు. భజనలో యాభై మంది గొంతు కలపాలంటే పెట్టె కావాల్సిందే. కానీ శంకరాభరణంలోనో కల్యాణిలోనో గాంధారం మీద పాట నిలబడే చోట, పెట్టె వాయించేవాళ్లు ఆ మెట్టు వదిలేసి స, ప పట్టుకుంటే పాడేవాళ్ల గాంధారం తంబూరలోకి దిగుతుంది. మా పెద్దాయన ఈ పని ఎవరూ చెప్పకుండానే చేస్తాడు. లెక్క ఆయనకు అక్కర్లేదు, చెవికి గుచ్చుకుంటే వేలు తీసేస్తాడు.

6. చర్మ వాద్యాలు చివర్లో

తోలు పలచటి గాలికి కూడా మారిపోతుంది కాబట్టి దీన్ని చివర్లో, వేదిక మీదే కలపాలి. మృదంగం కుడివైపు వలంతల షడ్జానికి. చుట్టూ వార్లు వెళ్లే ప్రతి చోటా ఒక్కో దెబ్బ వేస్తూ వినండి. అన్ని చోట్లా ఒకే స్వరం రావాలి. ముందు అన్నిటికన్నా కింద ఉన్న చోటు వెతికి, అక్కడ అంచు జడ మీద కర్ర ముక్క ఆనించి రాయితో పై నుంచి కిందికి కొట్టండి, స్వరం పెరుగుతుంది. ఎక్కువైతే కింది నుంచి పైకి. ఒక చోట బిగిస్తే దానికి ఎదురుగా ఉన్న చోటు కూడా కదులుతుంది, అందుకే వెంటనే అక్కడ వినాలి. మొత్తం ఒక మెట్టు మారాలంటే తబలాకు గట్టాలను (వార్ల కింద ఉండే కొయ్య ముక్కలను) జరపాలి, సన్న తేడాకు అంచు చాలు. కరణి (తోలు మధ్యలోని నల్లటి పూత) మీద రాయి గానీ సుత్తి గానీ పడకూడదు. పగిలిన కరణి వాద్యాన్ని పగలగొట్టినట్టే.

తొప్పి వైపు, అంటే ఎడమవైపు, రవ్వ ముద్ద పెట్టేటప్పుడు నీళ్లు కొంచెం కొంచెంగా కలపండి. ముద్ద పెరిగేకొద్దీ బరువు పెరిగి స్వరం దిగుతుంది. కుడివైపు షడ్జానికి ఒక స్థాయి కింద ఆగేదాకా. కచేరీ అయ్యాక గీకి తుడవాలి, లేకపోతే పొద్దునకు పురుగు పడుతుంది.

నల్లటి కరణి అందం కోసం పెట్టింది కాదు. మామూలు గుండ్రటి పొర మోగితే దాని పై స్వరాలు 1.59, 2.14, 2.30 రెట్లలో వస్తాయి. అవి ఏ స్వరానికీ చెందవు కాబట్టి చప్పుడుగా వినపడుతుంది. మధ్యలో కరణి బరువు చేరితే అవి 2, 3, 4, 5 రెట్లకు వచ్చి కుదురుతాయి. తీగలాగా స్వరం పలుకుతుంది. దీన్ని కూడా రామనే 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో రాశారు, 1934లో మరింత వివరంగా.

డప్పుకు కరణి లేదు. అందుకే దాంట్లో షడ్జం ఉండదు, అందుకే ఏ శ్రుతిలో పాడినా, ఎవరు పాడినా డప్పు అడ్డు రాదు. దాని మీద ట్యూనర్ పెట్టి లాభం లేదు. డప్పు వాయించేవాళ్లకు కావాల్సింది బిగువు. జాతర్లలో చూడండి, గడ్డి మంట వేసి డప్పును కాపుతూ, మధ్య మధ్యలో వేళ్లతో తట్టి వింటారు. మంట తోలులోని తేమను లాగేస్తుంది, తోలు బిగిసి సిటికెన పుల్ల దెబ్బ ఖంగుమంటుంది. చల్లారి తేమ పట్టగానే మళ్లీ బొద్దుగా పలుకుతుంది, మళ్లీ మంట దగ్గరకు పోవాలి. డప్పును మంటకు ఎంత దూరంలో, ఎంతసేపు తిప్పుతూ పట్టుకోవాలో వాళ్లకు తెలిసినంత కచ్చితంగా చెప్పే యాప్ ఇంతవరకు నాకు దొరకలేదు.

7. మే నెల, వానాకాలం, ఏసీ హాలు

మన దగ్గర చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 42. గాలిలో ధ్వని వేగం 15 దగ్గర సెకనుకు 340 మీటర్లు, 42 దగ్గర 356. వేణువు స్వరం ఆ వేగంతోపాటే పెరుగుతుంది. కాగితం మీద లెక్క వేస్తే తేడా 78 సెంట్లు, ముప్పావు మెట్టు. వాయించేవాళ్ల ఊపిరి లోపలి గాలిని తన వేడికి లాక్కుంటుంది కాబట్టి అంతా రాదు, కానీ ఎండలో వేణువు పైకి పోతుందన్నది నిజం. స్టీలు తీగలు అదే వేడికి సాగి కిందికి దిగుతాయి. అంటే వేణువు, వీణ ఒకే పందిట్లో కూర్చుంటే మధ్యాహ్నానికి చెరోవైపు నడుస్తాయి.

తోలుది తేమ లెక్క. జూలై ముసురులో మృదంగం దిగుతుంది, ఏప్రిల్ వడగాడ్పులో బిగిసి పైకి పోతుంది. ఏసీ హాలు పొడిగా ఉంటుంది, బయటి వాన నుంచి లోపలికి తెచ్చిన మృదంగం అరగంటలో ఎక్కుతూనే ఉంటుంది. వాద్యాలను కచేరీకి అరగంట ముందే హాల్లో పెట్టి, మూతలు తీసి, అక్కడి గాలికి అలవాటు పడనివ్వండి. కలిపేది ఆ తర్వాతే. కారు డిక్కీలో ఎండకు వదిలేసిన మృదంగం గురించి నేనేమీ చెప్పను. ఒకసారి చేశాను, చాలు.

8. ఆన్‌లైన్ క్లాసులో శ్రుతి ఎందుకు మాయమవుతుంది

అమెరికాలో ఉన్న మనవరాలికి ఇక్కణ్నుంచి పాఠం చెప్పే అమ్మమ్మలు మా కాలనీలోనే ముగ్గురున్నారు. “తంబూర పెట్టిన, దానికి వినపడతలేదంట” అన్నది అందరి ఫిర్యాదు. వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం తయారైనవి. ఆగకుండా ఒకేలా మోగేదాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకొని తీసేస్తాయి. తంబూర సరిగ్గా అలాంటిదే. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసి నాయిస్ సప్రెషన్ తగ్గించాలి. ఇంకా మంచి పద్ధతి, అటువైపు ఫోన్‌లో కూడా అదే శ్రుతిలో తంబూర పెట్టుకోవడం. రెండు వైపులా 440 ఉందో లేదో మాత్రం చూసుకోండి. తాళం కలిపి పాడటం కుదరదు, శబ్దం అటు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఒకరు పాడి ఆపాక ఇంకొకరు పాడాలి.

ఫోన్ స్పీకర్ 69 హెర్ట్జ్ పలకలేదు. అయినా మంద్ర షడ్జం వినపడినట్టే ఉంటుంది. స్పీకర్ పలికే పై హార్మోనిక్స్ విని, లేని అసలు స్వరాన్ని మెదడు పూరించుకుంటుంది. వినడానికి ఫర్వాలేదు, కానీ రోజూ సాధనకు కొంచెం పెద్ద స్పీకర్ పెట్టుకుంటే గొంతు తేలికగా దిగుతుంది.

9. ముల్లును చూడకుండా పాడి, తర్వాత చూడండి

ట్యూనర్ ముందు పెట్టుకొని దాన్ని చూస్తూ పాడితే కన్ను పాడుతుంది, చెవి పడుకుంటుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలతో ఇలా చేయిస్తాను. ఫోన్ బోర్లా పెట్టి, తంబూరలో షడ్జం నిలబెట్టమంటాను. కుదిరిందని వాళ్లకు అనిపించాక చెయ్యి ఎత్తాలి. అప్పుడు ఫోన్ తిప్పి చూస్తాను. మొదటి వారం 20, 25 సెంట్లు అటూఇటూ ఉంటుంది. కొందరికి ఎప్పుడూ కిందే, కొందరికి ఎప్పుడూ పైనే. ఆ వైపు తెలిస్తే సగం పని అయినట్టే. తర్వాత పంచమం, తర్వాత తంబూర ఆపేసి ఒక నిమిషం మాట్లాడించి మళ్లీ షడ్జం. గాంధారానికి మాత్రం ముల్లు సున్నా దగ్గర ఉండాలని అడగను, 14 కింద ఉంటే మెచ్చుకుంటాను.

హార్మోనియం పెద్దాయన ఆ చీటీని పెట్టె మూత లోపల అతికించుకున్నాడు. ‘+12, ఫోన్ల 443’ అని. మొన్న ఎండాకాలం మళ్లీ కొలిస్తే రీడ్లు కాస్త దిగి +9 వచ్చింది. పాతది కొట్టేసి పక్కన పెన్సిల్‌తో 9 రాసి, “వానలు పడ్డంక మల్లోసారి చూద్దాం సారూ, పెన్సిలే ఉండని” అన్నాడు.